పది సీసాలు, ఒక గడియ

మొన్నటి ఉగాదికి మా హోసూరులో ఒకరింటి మిద్దె మీద కవిసమ్మేళనం జరిగింది. పదకొండు మంది కవితలు చదివారు. పచ్చడి పంచారు, పంచాంగం వినిపించారు, శాలువాలు కప్పారు. అన్నీ అయ్యాక ఆడవాళ్ళం అయిదారుగురం వంటింటి వైపు చేరాం. కవితల ఊసు ఎవరూ ఎత్తలేదు. మాటంతా సీరమ్‌ల మీద నడిచింది. విటమిన్-సి పొద్దున పూసుకోవాలని ఒకావిడ, కాదు రాత్రేనని ఇంకొకావిడ. ముప్పయ్యేళ్ళు తెలుగు పాఠం చెప్పి రిటైరయిన మా టీచరమ్మ "నయాసినమైడ్" అనే మాటను గణవిభజన చేస్తున్నంత శ్రద్ధగా విడదీసి పలికింది.

చేయి కడుక్కోవడానికి అటు వచ్చిన పెద్దాయన ఒకరు, మా అందరికీ గౌరవం ఉన్నవారే, కాసేపు విని, "యాభై దాటినాక ఈ సోకులేమిటమ్మా? ఎవరు చూడాలని?" అని నవ్వి వెళ్ళిపోయారు. మేమూ నవ్వాం. నవ్వినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

అంచేత ఇది రాస్తున్నాను. నాకు ఇటు సీసాలతోనూ తగవు ఉంది, అటు ఆ పెద్దాయనతోనూ ఉంది.

ముందు ఆయనతో తేల్చుకుంటాను, అది చిన్న పని. డెబ్బయ్యో పడిలో కూడా ఆయన జుట్టు కాకి నలుపు. పదిహేను రోజులకోసారి ఆదివారం పొద్దున పెరట్లో కూర్చుని గిన్నెలో రంగు కలిపి పూసుకోవడం వీధి అంతా చూసిందే. దాన్ని ఎవరూ సోకు అనలేదు. "అయ్యవారు ఇంకా కుర్రాడిలా ఉన్నారు" అన్నారు. మగవాడి తలకు రంగు వేస్తే హుషారు, ఆడది ముఖానికి క్రీము రాస్తే విడ్డూరం. ఎవరు చూడాలని అంటే, రోజూ అద్దంలో నేను చూస్తాను గదా! ఈ ముఖాన్ని యాభై ఒక్క ఏళ్ళుగా మోస్తున్నది నేను. దాన్ని బాగా చూసుకోవాలని అనుకోవడంలో తప్పేమీ లేదు. ఎలా చూసుకోవాలో ఇంకెవరో నిర్ణయించి, మన చేత డబ్బు కట్టించడంలోనే ఉంది తప్పంతా. అక్కడికే వస్తున్నాను.

నాకు నలభై ఏడో ఏట రెండు చెంపల మీదా మంగు వచ్చింది. మా వైపు మంగు అనే అంటాం. ఇప్పుడు మెలాస్మా అంటేనే గాని దానికి మర్యాద లేదు. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే మా అమ్మాయి చూసి బాధపడి ఒక అట్టపెట్టె పంపింది. నూనెతో కడిగేది ఒకటి, నురగతో మళ్ళీ కడిగేది ఒకటి, పై పొరను రాల్చే ఆమ్లం, టోనర్, ఎసెన్స్, రెండు సీరమ్‌లు, కంటి చుట్టూ రాసేది, రాత్రి క్రీము. పదోది సీసా కాదు, ముఖానికి అంటించుకునే తడి గుడ్డ. కొరియా పద్ధతి అంది. దేని తర్వాత ఏది, మధ్యలో ఎన్ని నిమిషాలు ఆగాలి అన్నీ కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించి పోయింది. సత్యనారాయణ వ్రతానికి కూడా అంత క్రమం లేదు.

ఏడు నెలలు చేశాను. మొదటి నెల ముఖం మెరిసింది. తడి చేస్తే ఏదైనా మెరుస్తుంది, కడిగిన గడప మెరవదా? మూడో నెలలో చురచుర మొదలైంది. అయిదో నెలకు మంగు ఇంకా నల్లబడింది. అలా నల్లబడినందుకు మందుగా పదకొండో సీసా కొన్నాను చూడండి, అక్కడ నా తెలివి! చివరికి చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోతే ఆవిడ కాగితమంతా చదివి, "ముందు ఇవన్నీ ఆపండి" అంది. చర్మం పై పొర ఇంటి గోడకు వేసిన పూతలాంటిది. రోజూ గీకి, రోజూ ఆమ్లం పోస్తే పెచ్చులూడుతుంది. మన చామనఛాయ చర్మానికి ఇంకొక గుణం ఉంది. ఎక్కడ మంట పుడితే అక్కడ నలుపు దిగుతుంది. ముడతలు మనకు తెల్లవాళ్ళకంటే ఆలస్యంగానే వస్తాయి, మచ్చలే ముందు వస్తాయి. ఇంకొకరి చర్మానికి కుట్టిన రవికె మనం తొడుక్కుంటే ఎక్కడో ఒకచోట చిరుగుతుంది.

ఇక్కడొక మాట. ఆ పెట్టెలో పది సరుకులున్నాయి గాని ఎండకు పూసుకునేది మాత్రం లేదు.

మా అవ్వది బాగలూరు దగ్గరి పల్లె. రాగి చేలల్లో వంగి వంగి జీవితమంతా గడిపింది. ముఖం ఎండిన చింతతొక్కులా ఉండేది. ఆఖరి రోజుల్లో ఆమెకు నీళ్ళు పోసింది నేనే. పొట్టా, జబ్బల లోపలి వైపూ చంటిపిల్ల ఒళ్ళులా నున్నగా ఉన్నాయి. నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఒకే మనిషి, ఒకే వయసు, రెండు చర్మాలు. మీరూ ఇప్పుడే రవికె చేయి కాస్త పైకి మడిచి, జబ్బ లోపలి వైపు ఒకసారి, అరచేతి వెనక ఒకసారి చూసుకోండి. మనం వయసు అనుకుంటున్న దాంట్లో సగానికి పైగా ఎండే.

అమెరికాలో ఒక లారీ డ్రైవరు ఫోటో 2012లో ఒక పెద్ద వైద్యపత్రికలో అచ్చయింది. అరవై తొమ్మిదేళ్ళ మనిషి, ఇరవై ఎనిమిదేళ్ళు బండి తోలాడు. కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతోంది, కుడి చెంప పదేళ్ళు చిన్నవాడిదిలా ఉంది. మన బండ్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు గనుక మనవాళ్ళకైతే కుడి చెంప. అద్దంలోంచి కూడా ఆ కిరణాలు దిగుతాయి.

ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊళ్ళో 903 మందిని నాలుగున్నరేళ్ళు గమనించి 2013లో ఫలితం చెప్పారు. రోజూ ఎండపూత రాసుకున్న వాళ్ళ చర్మం, ఎప్పుడైనా రాసుకున్న వాళ్ళ చర్మం కంటే 24 శాతం తక్కువ ముదిరింది. వాళ్ళంతా యాభై అయిదు లోపు వాళ్ళు, నడివయసు వాళ్ళూ అందులో ఉన్నారు. అంటే మనకు బండి ఇంకా దాటిపోలేదు. ఎస్.పి.ఎఫ్. 30 అన్నది కాలబెట్టే కిరణాల్లో దాదాపు 97 శాతం ఆపితే, 50 అన్నది 98 ఆపుతుంది. ఆ ఒక్క శాతానికి ఎంత ఎక్కువ ఇస్తారో మీ ఇష్టం. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ పొడుగున తీసుకుని రాయాలి. మనం పెట్టుకునే శనగగింజంత దేనికీ చాలదు. గొడుగు దీనికంటే చవక. కాకపోతే గొడుగుకు సీరమ్‌కున్నంత పరువు లేదు.

వయసు వల్ల ఏమీ జరగదని నేను అనడం లేదు. ముట్లు ఆగిన మొదటి అయిదేళ్ళలో చర్మంలోని కొలాజెన్ దాదాపు మూడోవంతు తగ్గుతుందని డాక్టర్లు చెబుతారు. చర్మం పలచబడుతుంది, పొడిబారుతుంది, దురద పెడుతుంది. అది నిజమైన బాధ, దానికి తేమ పట్టి ఉంచే పూత కావాలి. ఆ పని 1872లో పేటెంటు పొందిన వాజలిన్ ఇప్పటికీ చేస్తుంది. కొలాజెన్ క్రీము మాత్రం చెయ్యదు. కొలాజెన్ అణువు చర్మం దాటి లోపలికి పోలేనంత పెద్దది. ఏనుగును తాళం కంతలోంచి తోస్తామని డబ్బు పుచ్చుకోవడం అది.

అవ్వల కాలపు సున్నిపిండే మేలని వాదించే వాళ్ళకూ ఒక మాట. సున్నిపిండి జిడ్డు తీస్తుంది, అంతవరకే. పసుపూ నిమ్మరసమూ ముఖాన పులుముకుని ఎండలోకి వెళ్ళి కాల్చుకున్న వాళ్ళను నేనెరుగుదును.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. ముడతల మీద నిజంగా పనిచేస్తుందని రుజువైన పూత ఒకటుంది, ట్రెటినాయిన్. 1971లో అమెరికాలో మొటిమలకని అనుమతి పొందింది. ఎండకు ముదిరిన చర్మం మీదా పనిచేస్తుందని 1986లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే వైద్యుడు చూపించాడు. గర్భిణులు వాడకూడదు, మొదట్లో మండుతుంది, డాక్టరు చెబితేనే వాడాలి. ఆ క్లిగ్‌మనే 1951 నుంచి 1974 దాకా ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల ఒంటి మీద రకరకాల పూతలు పరీక్షించాడు. వాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు. ఆ నగరం 2022లో క్షమాపణ చెప్పింది. అందం సీసా మీద ఈ చరిత్ర రాసి ఉండదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆయనే 1975లో ఇంకొక కలయిక కూడా ప్రకటించాడు. ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్, ఒక స్టిరాయిడ్. మంగుకు డాక్టరు కనిపెట్టుకుని ఉండగా కొన్ని వారాలు వాడవలసిన మందు. మన అంగళ్ళలో ఆ కలయికే తెల్లబరిచే క్రీముగా చేతులు మారింది. మా మరదలు గులాబీ తోటల షెడ్డుల్లో పని చేస్తుంది. ప్రేమికుల రోజుకు విదేశాలకు పోయే గులాబీలు మా హోసూరువే. ఆమెకూ మంగు వచ్చింది. నా దగ్గర పది సీసాలు చూసి, "మాకంత ఎక్కడ వదినా" అని, మందుల అంగట్లో అడిగి ఒక ట్యూబు తెచ్చుకుంది. నెలలో ముఖం పాలరంగు దేరింది. ఎనిమిది నెలలు పూసింది. చర్మం ఉల్లిపొరలా పలచబడి, ఎర్రటి నరాలు తేలి, చెంపల మీద నూగు మొలిచింది. ఆపితే మంట, ఆపకపోతే ఇంకా నాశనం. కుదుటపడటానికి ఏడాది పైన పట్టింది. స్టిరాయిడ్ పూతలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం కట్టుదిట్టం చేసింది. ట్యూబు మీద హెచ్చరిక ఉంది, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. ఆమె ఎనిమిది దాకా తమిళంలో చదివింది, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. మూడు భాషల నడుమ బతికే మనకు తెలుగు చదువు లేదని, తెలుగు బోర్డు లేదని వాపోతూ ఉంటాం. మందు ట్యూబు మీద మాట కూడా మనది కాకపోవడం ఎక్కడికి తెస్తుందో ఆమె ముఖం మీద చదివాను.

ఆమె కొన్నది ఒక్క ట్యూబే. కాని ఆ ట్యూబు దాకా ఆమెను నడిపించింది నా పది సీసాలు కూడా. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

కంపెనీలు మాటలు మార్చడంలో దిట్టలు. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. తెలుపు పోయి కాంతి వచ్చింది, భయం మాత్రం పాతదే. ఇక యాంటీ ఏజింగ్ అనే మాట చూడండి. వయసు మీద పడటం వద్దంటే ఇక మిగిలేది ఒక్కటే దారి, అది ఎవరికి కావాలి?

ఇంత చెప్పీ ఒక నిజం దాచితే నేనూ ఆ కంపెనీల కోవలోకే వస్తాను. ఆ ఏడు నెలలూ నాకు ఆ పని ఇష్టంగా ఉండేది. రాత్రి తొమ్మిదిన్నరకు గదిలోకి పోయి తలుపు గడియ పెట్టుకునేదాన్ని. నా పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ ఇంట్లో పగలూ రాత్రీ ఎన్నడూ నేను గడియ పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చోలేదు. పుస్తకం చదువుకుంటున్నానంటే, "ఒక్క నిమిషం వచ్చిపో" అని పిలుస్తారు. కవిత రాస్తున్నానంటే నవ్వుతారు. ముఖాన తడి గుడ్డ ఉందంటే మాత్రం అత్తయ్య కూడా పిలవదు. మనవాళ్ళు ఇరవై నాలుగు నిమిషాలను గడియ అన్నారు, తలుపు బిగించేదాన్నీ గడియ అన్నారు. నేను నెలకు నాలుగు వేలు పోసి కొన్నది ఆ రెండు గడియలనే. వంటింట్లో గుమిగూడిన మా వాళ్ళందరూ కొంటున్నది కూడా అదేనని నా అనుమానం. టీచరమ్మను అడిగితే, "ఆ అరగంటే లేకపోతే నాకు పిచ్చెక్కును" అంది.

సీసాలన్నీ పారేశాను. పొద్దున ఎండపూత, బయటికి పోతే గొడుగు, రాత్రి ముఖం కడిగి కాస్త వాజలిన్. మూడు నిమిషాల పని. మంగు పూర్తిగా పోలేదు, లేత కాఫీ రంగుకు దిగింది, అలాగే ఉంటే ఉండనీ. అయితే బీరువా మీది కాగితం మాత్రం చించలేదు. తొమ్మిదిన్నరకు గడియ పెడుతూనే ఉన్నాను. నిన్న రాత్రి కూడా మా ఆయన తలుపు తట్టి, "ఇంకా కాలేదా?" అన్నారు.

"ఇంకా మూడు పూయాలండీ" అని పేజీ తిప్పాను.