నడిచేదాకా తెలియని తుంటి లోపం.. నెలన్నర టీకా నాడే పట్టుకోవచ్చు కదా?

ఏడాదిన్నర పాప నడక మొదలుపెడుతుంది. ఒక పక్కకు ఒరిగి నడుస్తుంటే ఇంట్లోవాళ్లు 'కొత్తగా నడుస్తోంది, అదే సర్దుకుంటుంది' అంటారు. ఇంకో ఆరు నెలలు గడిచాక ఎక్స్‌రే తీయిస్తే, తొడ ఎముక తల గిన్నెలోంచి బయటికి జారి ఉందని తేలుతుంది. పుట్టిన నెలన్నరకే పట్టుకుని ఉంటే ఒక మెత్తటి బెల్టుతో పోయేది. ఇప్పుడు ఆపరేషన్ కావాలి.

తుంటి కీలు అంటే గిన్నెలో బంతి. కొందరు పిల్లల్లో ఆ గిన్నె లోతుగా ఏర్పడదు, బంతి వదులుగా ఉంటుంది లేదా పూర్తిగా జారిపోతుంది. డాక్టర్లు దీన్ని హిప్ డిస్‌ప్లేసియా అంటారు. పూర్తిగా జారిన కేసులు వెయ్యి కాన్పులకు ఒకటి రెండు. ప్రతి ఐదుగురిలో సుమారు నలుగురు ఆడపిల్లలే. కుంటుతూ నడిచే ఆడపిల్లకు పెళ్లి సంబంధాల దగ్గర ఏం మాటలు పడతాయో మనకు వేరే చెప్పాలా?

ఈ జబ్బులో చికిత్సను నిర్ణయించేది వయసే. ఆరు నెలల లోపు అయితే పావ్లిక్ హార్నెస్ అనే పట్టీల బెల్టు. మోకాళ్లు మడిచి, కాళ్లు ఎడంగా ఉండేలా పట్టి ఉంచుతుంది. దాదాపు రోజంతా, ఆరు నుంచి పన్నెండు వారాలు వేయాలి. చిన్న వయసులో మొదలుపెడితే చాలామందిలో ఇంతటితోనే కీలు కుదురుకుంటుంది. కానీ వారం పది రోజులకోసారి డాక్టర్ చూడాల్సిందే. మూడు నాలుగు వారాల్లో బంతి గిన్నెలోకి రాకపోతే బెల్టు తీసేసి వేరే దారి చూస్తారు. అలాగే ఉంచితే కీలుకు హాని. అందుకే బెల్టు కొనుక్కొచ్చి ఇంట్లో కట్టేస్తామంటే కుదరదు. రెండు మూడు డైపర్లు కలిపి వేస్తే సరిపోతుందన్నది కూడా వట్టి మాటే.

ఆరు నెలలు దాటి ఏడాదిన్నర లోపైతే మత్తు ఇచ్చి, కోత లేకుండా కీలును చేత్తో కూర్చి, ఛాతీ నుంచి కాళ్ల దాకా ప్లాస్టర్ వేస్తారు. దాన్ని స్పైకా అంటారు. సుమారు మూడు నెలలు ఉంటుంది. ఎండాకాలంలో ఆ ప్లాస్టర్‌తో ఉన్న బిడ్డకు మలమూత్రాలు శుభ్రం చేయడం ఎంత కష్టమో తల్లులకే ఎరుక. చేత్తో కుదరకపోతే కోత తప్పదు.

ఏడాదిన్నర దాటాక ఎక్కువగా ఆపరేషనే. కీలు తెరిచి సరిచేయడంతో పాటు, గిన్నె బంతిని బాగా కప్పేలా కటి ఎముకను కోసి తిప్పాల్సి రావచ్చు. కెనడా సర్జన్ రాబర్ట్ సాల్టర్ 1961లో వివరించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇంకా పెద్ద పిల్లలకు తొడ ఎముకను కొంత కురచ చేయాల్సి వస్తుంది. ఆరేడేళ్లు దాటి, రెండు వైపులా జారి ఉంటే చాలామంది సర్జన్లు ఆపరేషన్‌కే వెనకాడతారు.

మరి ఆలస్యం ఎందుకు? నొప్పి ఉండదు కాబట్టి. బిడ్డ ఏడవదు, పాలు బాగా తాగుతుంది. రెండు తుంట్లూ జారితే కాళ్లు సమానంగానే ఉంటాయి, బాతు నడక వచ్చేదాకా ఎవరికీ అనుమానం రాదు.

సర్కారు కాగితాల మీద దీనికి చోటు లేక కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పుట్టుకతో వచ్చే లోపాల కింద తుంటి లోపం ఉంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బిడ్డను చూడాలి, మొబైల్ బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాలి, లోపం తేలితే చికిత్స ఉచితం. చిక్కు ఏమిటంటే గ్రహణం మొర్రి, వంకర పాదం కంటికి కనబడతాయి. తుంటి కనబడదు, చేయి తిరిగిన డాక్టర్ కాళ్లు విప్పి చూడాలి. అంగన్‌వాడీకి వచ్చే వయసుకు బెల్టు సమయం ఎలాగూ దాటిపోతుంది.

అందరికీ స్కానింగ్ చేయడం మన దవాఖానాలకు ఇప్పట్లో కష్టమే. కానీ కడుపులో తల కిందికి తిరగకుండా ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డలు (సిజేరియన్ అయినా సరే), అమ్మకో అక్కకో ఈ జబ్బు ఉన్న బిడ్డలు ఎవరో కాన్పు నాడే తెలుసు. డిశ్చార్జి కార్డు మీద ఆ ముక్క రాసి, ఆరు వారాల టీకాకు వచ్చినప్పుడే తుంటి అల్ట్రాసౌండ్‌కు పంపితే చాలు. పెద్ద ఖర్చేమీ కాదు. టీకాకు తల్లులు ఎలాగూ వస్తున్నారు. నాలుగైదు నెలలు దాటాక ఎక్స్‌రేతో చూస్తారు.

ఇంట్లో గమనించాల్సింది కూడా ఉంది. గుడ్డ మార్చేటప్పుడు ఒక కాలు రెండోదానంత విచ్చుకోకపోయినా, పడుకోబెట్టి మోకాళ్లు మడిస్తే ఒకటి కిందికి కనబడినా చూపించాలి. కాళ్లు నిటారుగా చాపి బిగించి చుట్టడం, మాలిష్ చేస్తూ కాళ్లు లాగడం మానాలి. జపాన్‌లో 1970లలో ఇలా చుట్టొద్దని ప్రచారం చేశాక అక్కడ కేసులు బాగా తగ్గాయి. మన ఆడవాళ్లు బిడ్డను చంకన ఎత్తుకునే తీరు మాత్రం తుంటికి మంచిదే, కాళ్లు ఎడంగా ఉంటాయి కదా.

ఇది విరిగిన ఎముక కాదు, నాటు కట్టుతో కుదరదు. చికిత్స అయిపోయినా, బెల్టుతో బాగైనా సరే, ఎదిగే వయసు ముగిసేదాకా అప్పుడప్పుడూ ఎక్స్‌రే తీయించుకుంటూ ఉండాలి.