పైన్ వాసన... మబ్బుకు పీట!

తలుపులకు రంగులేసేటప్పుడు ఇల్లంతా ఘాటుగా వ్యాపించే టర్పెంటైన్ వాసన తెలుసు కదా! ఆ నూనె తీసేది పైన్ చెట్ల జిగురు నుంచే. ఎండకాసే వేళ పైన్ అడవిలో నడిస్తే అదే వాసన తగులుతుంది, కాకపోతే కాస్త కమ్మగా. ఆ వాసనకు మబ్బులతో పెద్ద చుట్టరికమే ఉంది.

నీటి ఆవిరి చుక్కగా మారాలంటే కూర్చోవడానికో పీట కావాలి. దుమ్మో, ఉప్పో, పొగో... ఏదో ఒక రేణువు. ఫిన్లాండ్‌లోని హ్యూటియాలా పైన్ అడవిలో హెల్సింకి యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 1990ల నుంచి గాలిని రాత్రింబవళ్లు కొలుస్తున్నారు. వసంతకాలపు ఎండలో అక్కడ ఉన్నట్టుండి ఘనపు సెంటీమీటరు గాలిలో వేలకొద్దీ కొత్త రేణువులు పుట్టుకొస్తాయి. చెట్లు వదిలే ఆల్ఫా పైనీన్ వంటి ఆవిర్లు ఓజోన్‌తో కలిసి బరువెక్కి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. పుట్టినప్పుడు ఆ రేణువు ఒకటి రెండు నానోమీటర్లే. అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు! అది 50 నుంచి 100 నానోమీటర్లకు పెరిగితే పీట సిద్ధమైనట్టే. పీటలు ఎక్కువైతే చుక్కలూ ఎక్కువే. అలాంటి మబ్బు మరింత తెల్లగా ఉండి, ఎండను వెనక్కి కొడుతుంది.

అయితే గంధకామ్లం తోడు లేకుండా ఇలాంటి రేణువులు పుట్టడం కష్టమని చాన్నాళ్లు అనుకున్నారు. ఇప్పుడు గాలిలో ఉన్న గంధకంలో చాలాభాగం బొగ్గు, చమురు పొగదే. ఈ నమ్మకానికి 2016లో గండిపడింది. జెనీవా దగ్గరి సెర్న్‌లో 'క్లౌడ్' ప్రయోగం చేసేవాళ్లు మూడు మీటర్ల వెడల్పున్న స్టీలు ట్యాంకులో శుభ్రమైన గాలి నింపి, ఆల్ఫా పైనీన్, ఓజోన్ వదిలారు. గంధకామ్లం లేకుండానే రేణువులు పుట్టాయి!

దాంతో పాత లెక్కలు తిరగేయాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలు రాకముందు కూడా అడవులపై మబ్బులు అనుకున్నంత పలుచగా లేవన్నమాట. అలాగైతే మన పొగ మబ్బుల్ని తెల్లబరచి భూమిని చల్లబరిచిందని వేసుకున్న అంచనా కాస్త ఎక్కువే అయి ఉండాలి. పొగకు ఇచ్చిన మార్కులు కొన్ని తీసేయాలి!

వేడి పెరిగేకొద్దీ చెట్లు ఈ ఆవిర్లను ఎక్కువగా వదులుతాయి. అయితే అడవే మనల్ని కాపాడేస్తుందా? 11 చోట్ల సేకరించిన కొలతలతో 2013లో లెక్క కట్టారు. దట్టమైన అడవులున్న కొన్ని ప్రాంతాల్లో ఈ చల్లదనం చెప్పుకోదగ్గదే. భూమి మొత్తమ్మీద చూస్తే మాత్రం, పెరిగే వేడిలో అది తగ్గించగలిగేది సుమారు 1 శాతం.