"ఉత్త హార్మోనే" అంటే సరిపోదు

కామెరాన్ హైలాండ్స్ చేమంతి షెడ్లలో పనికెళ్లిన మనవాళ్లు చెబుతుంటారు: "పురుగుమందు కాదన్నా, మొక్క పొట్టిగా ఉండటానికి కొట్టే హార్మోనే, గ్లౌజులు అక్కర్లేదన్నాడు సూపర్‌వైజర్." నేనొప్పుకోను. చేమంతికి ఇలా వాడేవాటిలో ముఖ్యమైనది డామినోజైడ్. క్యాన్సర్ భయంతో 1989లో అమెరికాలో ఆపిల్ తోటలకు దాని అమ్మకం ఆపేశారు. పూలకు ఉంచారు, పూలెవరూ తినరుగా! మరి ప్లాస్టిక్ షెడ్డులో రోజూ స్ప్రే కొట్టేవాడి సంగతి? అప్పటికప్పుడు ప్రాణం తీసేది కాదు, నిజమే. అందుకే ఎవరికీ పట్టదు.

గ్లౌజులు, మాస్కు అడగండి. వాటి డబ్బు జీతంలో కోయకూడదని మలేషియా 1994 భద్రతా చట్టం 26వ సెక్షన్ చెబుతోంది. కన్‌స్ట్రక్షన్‌లో ఉన్నవాళ్లకూ ఇదే సెక్షన్. (ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లకు ఈ చట్టం వర్తించదు, అది వేరే బాధ.) డబ్బా లేబుల్ ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి. ఒంట్లో తేడా చేస్తే డాక్టరు ముందు అడిగేది అదే.