టులెట్ బోర్డు దగ్గర ఆగిపోతున్న విద్యాహక్కు

బడులు తెరిచే రోజులు దగ్గరపడితే నగరాలలో ముస్లిం తల్లిదండ్రులకు ఇంటి వేట మొదలవుతుంది. పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో చేర్చాలి. బడికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో రెండు గదుల ఇల్లు కావాలి. అద్దె, అడ్వాన్సు ఫోనులోనే కుదురుతాయి. పేరు చెప్పగానే "నిన్ననే ఇచ్చేశామండీ" అన్న జవాబు వస్తుంది. టులెట్ బోర్డు మాత్రం మరో నెల అక్కడే వేలాడుతుంది.

ఇది యజమాని ఇష్టమని కొట్టిపారేసేవారిని మేము ఒక ప్రశ్న అడుగుతున్నాము. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగేళ్ళ పిల్లలకు సమీప పాఠశాలలో చదివే హక్కు ఇచ్చింది. కేంద్రం నమూనా నియమాలు ఐదవ తరగతి వరకు ఆ దూరాన్ని ఒక కిలోమీటరుగా నిర్ణయించాయి. బడి ఉన్న పేటలో ఇల్లే దొరకనివ్వకపోతే ఆ హక్కుకు అర్థమేమిటి? చిరునామాను నిరాకరించడమంటే బడిని నిరాకరించడమే.

"మీవాళ్ళు ఒకేచోట గుమిగూడి ఉంటారు" అని నిందించేవారూ ఉన్నారు. ముస్లిములకు ఇళ్ళు అద్దెకివ్వడానికి యజమానులు వెనుకాడుతున్నారని 2006లోనే సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. తలుపు మూసినవారే లోపలికి రాలేదని నిందించడం ఏ న్యాయం?

లోపం చట్టంలోనే ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం ప్రభుత్వ వివక్షను నిషేధించింది. దుకాణాలు, హోటళ్ళు, బావులు, రహదారులలో ప్రవేశాన్ని కాపాడింది. అద్దె ఇంటి ప్రస్తావన అందులో లేదు. సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసిన ఒక గృహ సహకార సంఘం నిబంధనను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2021 నాటి నమూనా అద్దె చట్టం నివాస గృహాల అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదన్నది. మత వివక్షపై ఒక్క మాటా చెప్పలేదు. అద్దెదారు డబ్బుకున్న రక్షణ అతని గౌరవానికి లేదు. 2008లో మాధవ మీనన్ నిపుణుల బృందం ప్రతిపాదించిన సమాన అవకాశాల కమిషన్ జాతీయ స్థాయిలో నేటికీ ఏర్పడలేదు.

అద్దె చట్టాలు చేసే అధికారం రాష్ట్రాలది. మతం, కులం కారణంగా ఇల్లు నిరాకరించడాన్ని, అలా నిరాకరించమని యజమానిపై అసోసియేషన్లు ఒత్తిడి తేవడాన్ని శిక్షార్హం చేస్తూ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు చట్టం తేవాలని మేము డిమాండ్ చేస్తున్నాము.

ఈ డిమాండ్ చేసేవారి గడప కూడా శుభ్రంగా ఉండాలి. మనలో ఇళ్ళున్నవారు దళిత కుటుంబాన్ని కులమడిగి తిప్పి పంపితే, మనకు జరిగిన అన్యాయాన్నే మనమూ చేసినట్టు. పొరుగువారు దగ్గరివారైనా పరాయివారైనా వారిపట్ల మంచిగా మెలగాలన్నది దివ్య ఖుర్ఆన్ (4:36) ఆదేశం.

ఇల్లు నిరాకరింపబడిన ప్రతి కుటుంబానికీ మా విజ్ఞప్తి ఒకటే. అవమానాన్ని దిగమింగి మరో వీధికి వెళ్ళిపోకండి. తేదీ, చిరునామా, యజమాని చెప్పిన మాట రాసిపెట్టుకోండి. ఫోనుకు వచ్చిన సందేశాలను చెరిపివేయకండి. రాష్ట్ర మైనారిటీల కమిషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. కాగితం మీదికి ఎక్కని అన్యాయం ప్రభుత్వ దృష్టిలో జరగనట్టే లెక్క.