తాళపుచెవి యెవరియొద్ద నున్నది?

2025 జూలై 22వ తేదీన, గుజరాతునందలి వాడినారు చమురుశుద్ధి కర్మాగారమును నడుపు నయారా ఎనర్జీ కంపెనీవారికి మైక్రోసాఫ్టు సేవలు ఆకస్మికముగా నిలిచిపోయెను. రుసుము పూర్తిగా చెల్లించియున్నామని వారు మొరపెట్టిరి. రష్యాదేశపు రోస్నెఫ్టునకు ఆ కంపెనీలో సగమునకు కొంచెము తక్కువ వాటా కలదు. తత్కారణమున ఐరోపా సమాఖ్యవారు అంతకు నాలుగు దినములముందు దానిపై ఆంక్షలు విధించియుండిరి. ఐరోపాలో పుట్టిన శాసనమును బట్టి అమెరికా కంపెనీ యొకటి మనదేశపు కర్మాగారము ఉత్తరప్రత్యుత్తరములకు తాళము వేసినదన్నమాట! నయారావారు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిరి; కొలది దినములలో సేవలు మరల ప్రారంభమయ్యెను. చిక్కు తీరినదని సంతసించువారితో మేము ఏకీభవింపజాలము. తాళము తీయబడినది గాని తాళపుచెవి చేతులు మారలేదు.

ఓపెన్‌సోర్సు సాఫ్టువేరును గూర్చి మన వర్తకులు మొట్టమొదట అడుగు ప్రశ్న "ఉచితమేనా?" అని. ఈ ప్రశ్నయే పెడదారి పట్టించుచున్నది. ప్రోగ్రాము వ్రాసినవారు దాని సోర్సుకోడును బయటపెట్టి, ఎవరైనను చదువుటకును, మార్చుకొనుటకును, పంచుకొనుటకును లైసెన్సు మూలమున హక్కొసగుటయే ఓపెన్‌సోర్సు. ధర తరువాతిమాట. లైనక్సునకు సేవచేసియే రెడ్‌హ్యాటు కంపెనీ ధనము గడించినది, 2019లో ఐ.బి.ఎం. వారు దానిని 3,400 కోట్ల డాలర్లకు కొనిరి.

అట్లయిన వ్యాపారులు దీనిని చూచి యేల వెనుదీయుచున్నారు? వారిని పిరికివారని నిందించుట న్యాయము కాదు. గుమాస్తాకు వచ్చినది టాలీ. ఆడిటరు అడుగునది టాలీ. క్రొత్తదానిని నేర్చుకొను దినములలో కొట్టు కట్టివేయుదురా? మ్యూనిక్ నగరపాలకులు 2003లో లైనక్సునకు మార నిశ్చయించి, వేలకొలది కంప్యూటర్లను మార్చియు, 2017లో తిరిగి విండోసువైపు మొగ్గిరి. నగరమునకే అంత కష్టమైనచో కిరాణాకొట్టు మాట చెప్పనేల?

పెద్ద కంపెనీలవారి సాకు వేరు: "చెడిపోయిన ఎవరిని పట్టుకొందుము?" అని. ఒడంబడికలు చదువుట వృత్తిగా గల మాకు ఈమాట వినగా నవ్వు వచ్చును. ధరకు కొన్న సాఫ్టువేరు లైసెన్సులలో సైతము నష్టపరిహారము సాధారణముగా చెల్లించిన రుసుముమేరకే పరిమితము. ఆ పుట తిప్పకయే సంతకము చేయువారు పెక్కురు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ వారు పంపిన అప్‌డేటులోని దోషమువలన లోకమున 85 లక్షల విండోసు యంత్రములు కూలబడెను, విమానములు నిలిచిపోయెను. అదియు డబ్బిచ్చి కొన్న సరుకే గదా! అయినను, అర్ధరాత్రి ఫోను చేసిన పలుకువాడొక డుండుట స్వల్పవిషయము కాదని యొప్పుకొనుచున్నాము.

ఓపెన్‌సోర్సు పక్షమువారును ఒక సంగతి దాచరాదు. అందరును చదువవచ్చును గనుక దోషములు నిలువవని వారందురు. ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో 2012లో చొరబడిన హార్ట్‌బ్లీడ్ దోషము 2014వరకు బయటపడలేదు. లోకపు అంగళ్లన్నియు ఆధారపడిన ఆ ప్రోగ్రామును కాచుచున్నది పిడికెడుమంది యని అప్పుడుగాని తెలియలేదు.

స్వదేశీయము కొన్న చాలదా యని కొందరు మిత్రు లడుగుచున్నారు. కేంద్రప్రభుత్వోద్యోగుల ఈమెయిలు జోహోవారి వేదికకు మారిన వార్తను పాఠకులు 2025లో చదివియే యుందురు. సంతసమే, వారు మన న్యాయస్థానములకు లోబడినవారు. కాని వారి సరుకును సోర్సుకోడు మూసిపెట్టినదే. తాళము స్వదేశమున పోసినదైనంతమాత్రమున తాళపుచెవి కొన్నవాని చేతికి రాదు.

వర్తకులను మేము కోరునది కొంచెమే. ఏ ప్రోగ్రాము వాడినను, లెక్కలును, ఉత్తరములును, ఖాతాదారుల వివరములును మరియొక ప్రోగ్రాము చదువగల రూపమున ఒక ప్రతి తమ కొట్టులోనే యుంచుకొనవలెను. ఒడంబడిక రద్దయినను ఆ ప్రతి తమకు దక్కునట్లు ముందుగానే వ్రాయించుకొనవలెను. ఓపెన్‌సోర్సువలన లాభము పొందు పెద్ద సంస్థలు దానిని కాచువారికి వేతన మీయవలెను. బెంగుళూరు జెరోధా సంస్థవారు 2024లో ఇందులకై ఏటేట పదిలక్షల డాలర్ల నిధి నేర్పరచిరి. మన తెలుగునాట కచేరీలు గల కంపెనీలు ఈ పద్దుక్రింద ఎంత యిచ్చుచున్నారో తెలియజేసినచో, ఈ పుటలోనే సంతోషముతో ప్రకటింతుము.