బాలింతకు ఆఫ్రికా అడవి మిరియాలు

ప్రశ్న: మా అమ్మాయి నైజీరియాలోని లాగోస్‌లో ఈమధ్యనే పురుడు పోసుకుంది. ‘ఉజిజా’ అనే అడవి మిరియాలు వేసి కాచిన చారు తాగితే కడుపులోని చెడు రక్తమంతా పోతుందని ఇరుగుపొరుగువారు చెబుతున్నారట. తాగవచ్చునా?

జవాబు: ఆహారంగా తాగవచ్చు. మందని నమ్మి దాని మీదే ఆధారపడరాదు.

ఉజిజా మన మిరియాల కుటుంబానికి చెందిన తీగ. పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవులలో చెట్లనల్లుకుని పెరుగుతుంది. గింజకు తొడిమ అంటుకుని ఉండడంతో చూడటానికి మన తోకమిరియాల వలె ఉంటుంది. ఇబో వారు ఉజిజా అనీ, యొరూబా వారు ఇయెరే అనీ అంటారు. దీని ఆకును కూరల్లో వేస్తారు. గింజను దగ్గుకు, అజీర్ణానికి వాడతారు. బాలింతకు చేపలతోనో, మాంసంతోనో కారంగా చారు కాచి ఇస్తారు. మన ఇళ్ళలో కాయం, మిరియాల చారు పెట్టడం వంటిదే ఇదీ.

వేడి చారు వల్ల బాలింతకు నీరు, చేపల వల్ల మాంసకృత్తులు అందుతాయి. పాలిచ్చే తల్లికి రెండూ అవసరమే. అయితే కాన్పు తర్వాత పోయేది చెడు రక్తం కాదు. అది నాలుగైదు వారాలలో ఎరుపు నుంచి లేత రంగుకు మారి తనంతట తానే ఆగుతుంది. బిడ్డ పాలు కుడిచినప్పుడు తల్లి శరీరంలో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది. కాబట్టి బిడ్డకు తరచుగా పాలివ్వడం ముఖ్యం.

గంటలోపే ఒక గుడ్డ పూర్తిగా తడిసిపోయినా, పెద్ద గడ్డలు పడినా, దుర్వాసన వచ్చినా, 100 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, విపరీతమైన తలనొప్పి ఉన్నా చారు కాచుకుంటూ కూర్చోరాదు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఆలస్యమైతే ప్రాణాపాయం.

మరొక హెచ్చరిక. మిరియాల ఘాటుకు కారణం పైపరిన్ అనే పదార్థం. పొడులు, కషాయాల రూపంలో ఎక్కువగా తీసుకుంటే, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి మందులు రక్తంలో మోతాదు మించవచ్చు. అటువంటి మందులు వాడేవారు ముందుగా డాక్టరుకు చెప్పాలి. గర్భిణులు ఉజిజా కషాయం తాగరాదు. కడుపులో పుండు ఉన్నవారు కారం తగ్గించాలి. పసిబిడ్డ నోట్లో మాత్రం ఏ కషాయమూ పోయవద్దు. ఆరు నెలల వరకు తల్లిపాలే చాలు.