దాచుకుంటే తగ్గదు

మా హాస్టల్లో ఒకరికి జ్వరమొస్తే అందరికీ తెలుస్తుంది. గజ్జి వస్తే రూమంతా కలిసి మందు రాసుకుంటాం. అదే తెల్లబట్ట అయితే పక్క మంచం పిల్లకు కూడా చెప్పం. ఏమనుకుంటారోనన్న భయం. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ మాట మేమే మొదలుపెడుతున్నాం.

తెల్లబట్ట అంతా జబ్బు కాదు. వాసన, దురద లేకుండా కొద్దిగా అవడం సహజం. రెండు నెలసరుల మధ్య రోజుల్లో కాస్త ఎక్కువవుతుంది. దానివల్ల ఎముకలు కరగవు. అలాగని రంగు, వాసన మారినా "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకోవడమూ మంచిది కాదు.

యోనిలో మనకు మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. అది లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి, పి.హెచ్. 3.8 నుంచి 4.5 మధ్య ఉండేలా చూస్తుంది. ఆ కాపలా సడలితే ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. ఎక్కువగా కనిపించేవి మూడు.

విరిగిన పెరుగులా తెల్లగా, గడ్డలుగా అవుతూ, విపరీతమైన దురద, మంట ఉంటే అది కాండిడా అనే శిలీంధ్రం పని కావచ్చు. యాంటీబయోటిక్ మందులు వాడాక, షుగరు వ్యాధి ఉన్నవారికి, గర్భిణులకు ఇది ఎక్కువ. తడి, బిగుతు బట్టలు దానికి తోడవుతాయి.

పల్చగా, బూడిదరంగులో, చేపల వాసనతో అయితే బ్యాక్టీరియల్ వెజైనోసిస్ కావచ్చు. మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరగడమే దీనికి కారణం. శుభ్రత అనుకుని సబ్బుతో, మందునీళ్ళతో లోపల కడిగితే ముప్పు పెరుగుతుంది. బయట మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు.

పసుపు లేక ఆకుపచ్చ రంగులో, నురగగా, దుర్వాసనతో అయితే ట్రైకోమోనాస్ అనే ఏకకణ జీవి కారణం కావచ్చు. ఇది లైంగికంగా సోకుతుంది. పెళ్ళయిన మా పూర్వ విద్యార్థినులు గుర్తుంచుకోవాలి, భర్త కూడా మందు వాడకపోతే మళ్ళీ వస్తుంది.

మొదటి రెండింటినీ సుఖవ్యాధులుగా లెక్కించరు. కాబట్టి దురద ఉందన్న పిల్లను అనుమానంగా చూడటం అన్యాయం. ఆ చూపుకు భయపడే చాలామంది నోరు విప్పరు. స్నేహితురాలి ట్యూబు తెచ్చి రాసుకోవడమూ తప్పే. శిలీంధ్రానికి ఇచ్చే మందు బ్యాక్టీరియాకు పనిచేయదు. లక్షణాలు కలగాపులగంగా ఉంటాయి గనుక పరీక్ష చేయించుకోవాలి. జ్వరం, పొత్తికడుపు నొప్పి, నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

శుభ్రంగా ఉండమని మాకు చెప్పని వారు లేరు. కానీ నీళ్ళు లేని బాత్‌రూములో శుభ్రత ఎలా? లోదుస్తులను తువ్వాలు కింద దాచి ఆరేస్తే అవి ఆరేదెప్పుడు? మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. రోజంతా నీళ్ళు, గడియ పడే తలుపులు, ఎండ తగిలే చోట మాకంటూ ఒక దండెం, నెలకోసారి లేడీ డాక్టరు. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద కౌమార వయసు వారి కోసం ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్లినిక్‌లు ఏర్పాటు చేశారు. అక్కడికి తీసుకెళ్ళే బాధ్యత హాస్టలు తీసుకోవాలి.

చెల్లెళ్ళూ, ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు. వార్డెన్ మేడమ్‌కు చెప్పండి, ఏఎన్ఎం అక్కకు చెప్పండి. ఒక్కరే వెళ్ళలేకపోతే మమ్మల్ని పిలవండి, తోడొస్తాం.